కాళ్ళతో వచ్చిన పిల్ల

మా అబ్బాయి కాళ్ళతో పుట్టాడు. అందరూ తల ముందు పెట్టి లోకంలోకి వస్తే, వీడు మాత్రం చుట్టాలింటికి వచ్చినట్టు కాలు ముందు పెట్టి వచ్చాడు. నన్ను చంపినంత పని చేశాడు, అది వేరే సంగతి. కాళ్ళతో పుట్టినవాళ్ళ పాదం తగిలితే పట్టేసిన నడుం వదులుతుందని మా వాళ్ళందరికీ నమ్మకం. వాడికి నడక వచ్చీ రాగానే మా ఇంటికి నడుములు రావడం మొదలైంది. బడికి పోతున్నవాడిని దారిలో ఆపి, అరుగు మీద బోర్లా పడుకుని తొక్కించుకునేవాళ్ళు. పెద్దయ్యాక నీళ్ళ మోటార్లు బాగుచేసే పని నేర్చుకున్నాడు గానీ, వీధిలో వాడి పేరు కాళ్ళబ్బాయే.

మాకు ముందు గది షాపు, వెనక గది ఇల్లు. అబ్బాయి మోటార్లు విప్పుతాడు, బిగిస్తాడు. మా కోడలు వైండింగ్ చుడుతుంది. కాలిపోయిన మోటారులోంచి నల్లబడ్డ రాగితీగ పీకేసి కొత్త తీగ చుట్టడమన్నమాట. దాని వేళ్ళు ఎంత చురుకంటే, పక్కనవాళ్ళతో కబుర్లాడుతూనే చుట్టు తప్పకుండా చుట్టేస్తుంది. నేను బల్ల దగ్గర కూర్చుని వాషర్లు, బేరింగులు అమ్ముతూ, బేరాలాడేవాళ్ళని నోటితో తరుముతుంటాను. నా నోరు మంచిది కాదు. ఆ షాపు నడుస్తోందంటే దాని పుణ్యమే.

ఆ ఎండాకాలం మాకు ఊపిరి సలపలేదు. ఎక్కడికక్కడ బోర్లు ఎండిపోయాయి. నీళ్ళు అందక మోటార్లు వట్టినే తిరిగి తిరిగి కాలిపోయేవి. గుమ్మం ముందు మోటార్లు వరసకట్టి ఉండేవి. ఎండలు ముదరకముందే ఓ మోటారు ఎత్తబోతే నా నడుం పట్టేసింది. అబ్బాయి తొక్కాడు. తగ్గలేదు. మర్నాడు మళ్ళీ తొక్కాడు. ఉహూఁ.

"ఊరందరికీ పనిచేసే కాలు కన్నతల్లికి పనిచెయ్యదేమిట్రా?" అన్నాను.

పక్క షాపులో రొట్టెలు కాల్చే ఆయన మా దగ్గర నేల మీద బోర్లా పడుకుని తన వంతు కోసం చూస్తున్నాడు. పిండి పిసికే మనిషికి నడుం నొప్పి రాకుండా ఉంటుందా! అలా పడుకునే తల తిప్పి, "తొమ్మిది నెలలు మిమ్మల్ని లోపల్నుంచి తన్నాడు కదమ్మా. మీ వాటా అప్పుడే అయిపోయింది" అన్నాడు. కోడలు తీగ వదిలేసి మరీ నవ్వింది.

అప్పుడు దానికి ఏడో నెల. ఆరోగ్యకేంద్రంలో నర్సు కడుపు తడిమి చూసి, "తల పైన ఉంది, పిరుదులు కింద ఉన్నాయి. ఇంకా టైముంది, తిరగొచ్చు. కడుపు కాస్త చిన్నదిగా ఉంది, స్కాను చేయించండి" అని పంపింది. ఇంటికొచ్చి కోడలు ఈ మాటలన్నీ చెప్పింది. మేం విన్నది మాత్రం ఒక్కటే.

"తల పైనుందా? అంటే కాళ్ళతోనే వస్తుందా?"

"తిరగొచ్చన్నారు అత్తయ్యా."

"ఎందుకు తిరుగుతుందే? తండ్రి పోలిక! వాళ్ళ నాన్న తిరిగాడా?"

కడుపులో బిడ్డ ఎదురు తిరిగిందంటే ఎవరైనా గుండెలు బాదుకుంటారు. మేం పండగ చేసుకున్నాం. రొట్టెలాయన వేడివేడి రొట్టెలు పళ్ళెం నిండా తెచ్చి, "ఇక మన వీధికి నడుం బెంగ లేదు" అన్నాడు. అబ్బాయి సిగ్గుపడుతూ స్పానరు తుడుచుకున్నాడు. కోడలు నా చెయ్యి పట్టుకుని తన కుడి డొక్క కింద పెట్టుకుంది. గట్టిగా, గుండ్రంగా, చిన్న తల. నా అరచేతిలో సరిగ్గా ఇమిడింది.

"మొదటి వైద్యం మీకే అత్తయ్యా. వచ్చీ రాగానే మీ నడుం మీద నిలబెడతాను" అంది.

"నీ మాట నీళ్ళ మీద రాత కాకూడదు మరి" అన్నాను.

దానికి మొదట్లో తీసిన స్కానులో అంతా బాగుందన్నారు. ఐదో నెలలో వెళితే మిషను పాడైందని తిప్పి పంపారు. మిషనన్నాక పాడవుతుంది, అందులో మేం కోప్పడేదేముంది? తర్వాత వెళ్దాం, రేపు వెళ్దాం అంటుండగా ఏడో నెల వచ్చేసింది.

ఆ రోజుల్లో షాపుకొచ్చిన ప్రతివాళ్ళూ బిడ్డ అలా ఎందుకు కూర్చుందో చెప్పేవాళ్ళే. ఎదురింటి దర్జీ ఆవిడ, "మఠం వేసుకుని తీగ చుడుతుంది కదా, బిడ్డా అలాగే మఠం వేసింది" అంది. మోటారు తెచ్చినాయన, బండి మీద గుంతల్లో తిప్పడంవల్ల అన్నాడు. ఒకావిడ ఎడమవైపు పడుకోమంది, ఇంకొకావిడ కుడివైపు. "ఇద్దరూ తేల్చుకుని రండి, అప్పటిదాకా అది కూర్చునే ఉంటుంది" అన్నాను.

నవ్వుల మధ్యలోనే కోడలు ఒకరోజు నెమ్మదిగా అంది. "అత్తయ్యా, మిగతావాళ్ళకి లోపల చేపలా తిరుగుతుందంటారు. ఇది తిరగదు. ఉన్నచోటే ఉండి నొక్కుతుంది."

"బుద్ధిమంతురాలే. నీలా కుదురుగా ఒకచోట కూర్చుని పనిచేసుకుంటోంది."

అది నవ్వలేదు.

ఆఖరికి స్కానుకి వెళితే, తీసినాయన తెర మీద చాలాసేపు చూసి, "నీళ్ళు బాగా తక్కువున్నాయి. పెద్దాసుపత్రిలో చూపించండి" అన్నాడట. అంతకంటే ఒక్క ముక్క చెప్పలేదట. అబ్బాయి తిరిగొచ్చి ఇల్లు పీకి పందిరేశాడు. నీళ్ళు తక్కువంటే వాడికి అదొక జబ్బు కాదు, రోజూ చేసే పని. ఎక్కడో కారుతూ ఉండాలి, లేదా ఎక్కడో అడ్డుపడి ఉండాలి. రెండిటికీ మందుంది. పెళ్ళానికి బిందె పక్కన పెట్టి గ్లాసు మీద గ్లాసు తాగించాడు. అదీ పాపం నోరెత్తకుండా తాగేది. ఊళ్ళో జనం ఖాళీ బిందెలతో తిరుగుతుంటే మా వాడు ఎక్కడెక్కడి నీళ్ళో మోసుకొచ్చి పెళ్ళాం ముందు పెట్టేవాడు.

పెద్దాసుపత్రి డాక్టరమ్మ చిన్నపిల్ల. కళ్ళ కింద నల్లగా ఉంది, నిద్ర లేనట్టుంది. మళ్ళీ స్కాను తీసింది, పైవాళ్ళెవరినో పిలిచి చూపించింది. తర్వాత మమ్మల్ని ముగ్గుర్నీ కూర్చోబెట్టింది. ఆసుపత్రిలో కుర్చీ వేశారంటే మంచి మాట కాదని నాకు తెలుసు.

"బిడ్డ ఎందుకు తిరగలేదని అడుగుతున్నారు కదా" అంది. "చాలామందికి కారణమంటూ ఏమీ ఉండదు. కొందరికి గర్భసంచి ఆకారంలో తేడా ఉంటుంది. కొందరికి లోపల గడ్డలుంటాయి. మాయ కిందికి ఉంటే తల దిగడానికి చోటుండదు. కవలలైతే ఒకళ్ళకొకళ్ళు అడ్డం. నీళ్ళు మరీ ఎక్కువున్నా కష్టమే, తక్కువున్నా తిరగలేరు. మీ బిడ్డకి నీళ్ళు తక్కువ కాదమ్మా, లేవు."

"తాగిస్తున్నానండీ" అన్నాడు అబ్బాయి.

"ఆవిడ ఎంత తాగినా అక్కడికి చేరవు. నాలుగో నెల దాటాక అవి తల్లి నీళ్ళు కావు, బిడ్డవే. బిడ్డ మింగుతుంది, మూత్రం పోస్తుంది, మళ్ళీ మింగుతుంది. అలా తిరుగుతుంటాయి."

మా వాడి మొహం వెలిగింది. ఆ వెలుగు నేను చచ్చేదాకా మర్చిపోను. వాడికి అర్థమయ్యే భాషలో మాట్లాడింది ఆ పిల్ల. "అయితే ఎక్కడో అడ్డుపడి ఉంటుంది. అడ్డు తీసేయొచ్చు కదండీ?"

"అడ్డు కాదు. మూత్రపిండాలు తయారే అవలేదు. రెండూ లేవు."

మా ఇంట్లో మార్చలేని పార్టంటూ ఎప్పుడూ లేదు. "నాదొకటి తీసి పెట్టండి" అన్నాడు.

డాక్టరమ్మ బల్ల వైపు చూసింది. "అది కాదు బాబూ. ఆ నీళ్ళు లోపలికీ బయటికీ పీలుస్తుంటేనే ఊపిరితిత్తులు పెరుగుతాయి. అవీ పెరగలేదు. లోపల ఉన్నంతకాలం తల్లి చూసుకుంటుంది. బయటికొచ్చాక ఊపిరి నిలబడదు. మేం చెయ్యగలిగింది ఏమీ లేదు."

"నేను కూర్చుని చుట్టడంవల్లా?" అని కోడలు అడిగింది.

"కాదమ్మా. నువ్వు చేసినదానివల్ల ఏదీ కాదు."

"ఐదో నెలలోనే చూసుంటే?" అన్నాను నేను.

"ముందుగా తెలిసేది. అంతే."

అంతే. ఆ మాటకి నేను ఊరుకున్నాను. నేను ఊరుకోవడం మా వాడు అదే మొదటిసారి చూడటం.

తర్వాతి రోజులు ఎలా గడిచాయో చెప్పాలంటే నాకు నోరు రాదు. గుమ్మం ముందు మోటార్లు ఉన్నాయి. జనం వస్తున్నారు. "కాళ్ళబ్బాయికి కాళ్ళమ్మాయా, కాళ్ళబాబా?" అని వేళాకోళమాడుతున్నారు. పండగ చేసుకున్నది మేమే కదా, వాళ్ళనేమంటాం? దర్జీ ఆవిడకి మాత్రం విషయం తెలిసింది. జాలిపడుతున్నాననుకుని, "ఏం కాలమో, బయటా నీళ్ళు లేవు, లోపలా లేవు" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. "పోలికలు కుట్టకు. బట్టలు కుట్టుకో పో" అని తరిమాను. ఆ తర్వాత తలుపు చాటుకెళ్ళి ఏడ్చాను.

రొట్టెలాయన నడుం పట్టుకుని వచ్చి ఎప్పటిలా నేల మీద పడుకున్నాడు. అబ్బాయి ఆయన పక్కన నిలబడి తన పాదం వైపు చూసుకున్నాడు. "లేవండి బాబాయ్. డాక్టరుకి చూపించుకోండి" అన్నాడు. ఆయన లేచి దుమ్ము దులుపుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఎవరి నడుం మీదా వాడు కాలు పెట్టలేదు.

కోడలు పని ఆపలేదు. ఆపమంటే, "ఖాళీగా ఉంటే దాని మీదే ధ్యాస అత్తయ్యా" అనేది. ఓ మధ్యాహ్నం తీగ చుడుతూ చుడుతూ అంది.

"నాకు ఆపరేషన్ చెయ్యమని అడుగుతాను."

"ఏం ఆపరేషను?"

"కోసి తియ్యమని."

డాక్టరమ్మ దాని సంగతి ముందే చెప్పింది. ఇలాంటి బిడ్డ కోసం కొయ్యం అంది. నొప్పులు వాటంతటవే రానిద్దాం అంది. పొట్ట మీదా గర్భసంచి మీదా గాటు పడితే రేపు ఇంకో బిడ్డ మోసేటప్పుడు తల్లికే ప్రమాదం అంది. అయితే ఇంకో మాట కూడా చెప్పింది. పిరుదులో కాళ్ళో ముందు వచ్చే కాన్పులో ఒళ్ళు బయటికొచ్చి తల ఇరుక్కోవచ్చు, బలం లేని బిడ్డ కాబట్టి దారిలోనే పోవచ్చు అని. మేం మొదటి మాట పట్టుకుంటే కోడలు రెండోది పట్టుకుంది.

"పిచ్చి పట్టిందా? పోయే ప్రాణం కోసం నువ్వు కోయించుకుంటావా? రేపు నీకేమన్నా అయితే?"

"పోయేదని మీరంటున్నారు. నాకింకా రాలేదు కదా అత్తయ్యా."

"వచ్చి మటుకు ఏం చేస్తుందే? ఎంతసేపుంటుంది?"

"ఎంతసేపుంటే అంతసేపు. ఊపిరితో ఉండగా ఒక్కసారి చూసుకుంటాను. నా మొహం అది చూడక్కర్లేదు. నేను చూస్తే చాలు."

"చూస్తే మర్చిపోలేవు. చూడకపోతే కొన్నాళ్ళకి..."

"మీరు మర్చిపోతారా?" అంది. నేను కేకలేశాను. అత్తని, పెద్దదాన్ని, నా మాట చెల్లాలన్నాను. వీల్లేదంటే వీల్లేదన్నాను. అది వింటూనే చుట్టు వేసింది. మధ్యలో ఎక్కడో లెక్క తప్పినట్టుంది, మొత్తం తీగ విప్పేసి మళ్ళీ మొదటినుంచి మొదలెట్టింది.

అబ్బాయిని అడిగితే వాడు మోటారు లోపలికి చూస్తూ, "దానిష్టం అనలేను. వద్దూ అనలేను. నన్నడక్కమ్మా" అన్నాడు.

నొప్పులు ఎనిమిదో నెలలోనే వచ్చాయి, పొద్దున్నే, వీధిలోకి నీళ్ళ ట్యాంకరు వచ్చిన వేళ. జనం బిందెలతో అడ్డం. మా వాడు దారి కోసం అరుస్తూ బండి తోలాడు. ఆసుపత్రిలో కోడల్ని లోపలికి తీసుకెళ్ళారు. కాసేపటికి ఆ డాక్టరమ్మే బయటికొచ్చింది.

"కాళ్ళే ముందున్నాయి. గుండె కొట్టుకుంటోంది. ఆవిడ ఆపరేషనే కావాలంటోంది. నేను మంచీచెడ్డా మళ్ళీ చెప్పాను. తనకి తెలుసు, తన నిర్ణయమే. కానీ మిమ్మల్ని ఒకసారి చూస్తానంటోంది."

మా వాడు కదల్లేదు. గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయాడు. నేను వెళ్ళాను. దారి పొడుగునా చెప్పాల్సినవన్నీ కూడబలుక్కున్నాను. వద్దే తల్లీ అని బతిమాలదామనుకున్నాను. కాళ్ళు పట్టుకోవడానికి కూడా సిద్ధపడ్డాను.

అది వెల్లకిలా పడుకుని అరచేయి కుడి డొక్క కింద పెట్టుకుని ఉంది. నొప్పి వచ్చినప్పుడల్లా కళ్ళు మూసుకుంటోంది గానీ చెయ్యి మాత్రం తియ్యడం లేదు.

"ఇక్కడే ఉంది అత్తయ్యా. చూడండి" అంది.

చెయ్యి పెట్టాను. ఉంది. గట్టిగా, గుండ్రంగా. నా కొడుకు ఒళ్ళంతా బయటికొచ్చి తల ఇరుక్కున్నప్పుడు నేనెలా కేకలేశానో నాకు గుర్తుంది. చచ్చాడో బతికాడో తెలియని ఆ కాసేపూ గుర్తుంది. నేను చెప్పాలనుకున్నవేవీ చెప్పలేదు. బయటికొచ్చి డాక్టరమ్మతో, "అది చెప్పినట్టే చెయ్యండి. కొయ్యండి" అన్నాను.

ఆడపిల్ల.

ఏడవలేదు. ఊపిరి మాత్రం ఉంది, ఎక్కిళ్ళలాగా, ఆగి ఆగి. నర్సు గుడ్డలో చుట్టి తెచ్చి కోడలి గుండెల మీద పెట్టింది. కోడలికి నడుం కిందికే మత్తిచ్చారు, మెలకువగానే ఉంది. మమ్మల్నీ లోపలికి రానిచ్చారు. డాక్టరమ్మ ఆ మాత్రం దయ చూపించింది.

చప్పిడి ముక్కు. చెవులు కాస్త కిందికి. ఇన్నాళ్ళూ చోటు లేక ఇరుకులో నొక్కుకుపోయిన మొహం. పాదాలు రెండూ లోపలికి వంగి ఉన్నాయి. అందంగా లేదని ఎవరన్నా అంటే వాళ్ళ నోరు పడిపోవాలి. కోడలు దాన్ని చూస్తున్న చూపు చెప్పడం నా వల్ల కాదు. జుట్టు చూసింది, వేళ్ళు విడదీసి చూసింది, గోళ్ళు చూసింది. "మీ చెయ్యే" అంది మొగుడితో. వాడు ఒక్క వేలు ముందుకు పెట్టాడు. ఆ పిల్ల పట్టుకోలేదు. పట్టుకునే బలం లేదు. వాడే ఆ చిన్న వేళ్ళని తన వేలి చుట్టూ పెట్టుకుని పట్టుకున్నాడు.

ఎక్కిళ్ళ మధ్య ఎడం పెరుగుతోంది. మా అందరికీ తెలుస్తూనే ఉంది.

"అత్తయ్యా, ఇటు తిరగండి" అంది కోడలు.

"ఎందుకే?"

"మాటిచ్చాను కదా. తిరగండి. త్వరగా."

నాకు అర్థమయ్యేసరికి మా వాడు బిడ్డని చేతుల్లోకి తీసుకున్నాడు. ఆ చేతులు ఎన్ని మోటార్లు ఎత్తాయో! నేను మంచం వైపు వీపు పెట్టి నిలబడి నడుం మీది బట్ట పక్కకి తీశాను. వెనక నుంచి వాడు బిడ్డని దగ్గరకి తెచ్చాడు. పాదం తగిలింది. నా బొటనవేలంత కూడా లేదు. వంకరగా ఉండటంవల్ల అంచు మాత్రమే ఆనింది. చల్లగా ఉంది. వాడు ఓ క్షణం అలాగే పట్టుకుని, తీసి, మళ్ళీ ఆనించాడు.

"తగ్గిందా అత్తయ్యా?" అని వెనకనుంచి కోడలి గొంతు.

గోడకేసి నిలబడి ఉన్నాను కాబట్టి నా మొహం దానికి కనబడలేదు.

"తగ్గిందే" అన్నాను. "చేత్తో తీసేసినట్టు పోయింది."

"చూశారా!" అంది, మొగుడితోనో, బిడ్డతోనో. ఆ గొంతులో గర్వం ఉంది. మళ్ళీ బిడ్డని తన గుండెల మీదకి తీసుకుంది. చాలాసేపటికి నర్సు వచ్చి స్టెతస్కోపు ఆనించి విని, కోడలి భుజం మీద చెయ్యి వేసింది.

వానలు పడ్డాయి. మోటార్లు తగ్గాయి. కోడలి కుట్లు మానాయి, వైండింగ్‌కి మళ్ళీ కూర్చుంది. కబుర్లు చెప్పదు, తీగ మాత్రం చుడుతుంది. అబ్బాయి సాయంత్రాలు ఎక్కడికో వెళ్ళి తిరిగి తిరిగి వస్తాడు. ఇంకో బిడ్డ మాట ఇంట్లో ఎవరూ ఎత్తరు. వీధిలో వాడిని కాళ్ళబ్బాయి అని పిలవడం కూడా జనం మానేశారు. ఏమని పిలవాలో తెలియక "ఇదిగో బాబూ" అంటారు.

కోడలు నవ్వేది ఒక్కచోటే. షాపుకి నడుం పట్టుకుని ఎవరన్నా వస్తే, చేతిలో తీగ వదలకుండా నా వైపు చూపించి చెబుతుంది. "మా అత్తయ్యకి మా అమ్మాయి తగ్గించింది. వచ్చీ రాగానే."

వాళ్ళు నా వైపు చూస్తారు. నేను తలూపుతాను.

నా నడుం తగ్గలేదు. అప్పటికంటే ఎక్కువే ఉంది. ఉదయం మంచం దిగాలంటే గోడ పట్టుకోవాలి, అదీ కోడలు వంటలో ఉన్నప్పుడు. మందు రాసుకుంటే వాసన వస్తుందని రాసుకోను. నిన్న ఒకాయన పెద్ద మోటారు తెచ్చి గుమ్మంలో దించి, "బరువమ్మా, అబ్బాయిని రానివ్వండి" అన్నాడు. కోడలు తలెత్తి నా వైపు చూసింది. నేను ఒంగి, రెండు చేతులూ కింద వేసి, నవ్వుతూ ఎత్తాను.